పొట్టేలు ఇంటిని దాటేసిన సాయంత్రం

మాది ఆళ్ళగడ్డ. మా నాయన రాతి విగ్రహాలు చెక్కుతాడు. తల ఇంకా తేలని వినాయకుళ్ళు, చేతులు రాని అమ్మవార్లు మా ఇంటి ముందు షెడ్డులో వరసగా నిలబడి ఉండేవాళ్ళు. చిన్నప్పుడు నేను వాళ్ళ మధ్యే దాగుడుమూతలు ఆడుకున్నాను. వాళ్ళ ఒళ్ళో తల పెట్టి నిద్రపోయాను కూడా. అలాంటిదాని దగ్గరికి వచ్చి దయ్యం కథ చెబితే భయం ఎక్కడి నుంచి వస్తుంది? నవ్వొస్తుంది.

హాస్టల్లో ఒకసారి స్నానాల గదిలో ఎవరో ఏడుస్తున్నారని అమ్మాయిలంతా గుంపుగా వణుకుతుంటే, నేనే పోయి తలుపు తన్ని, కారుతున్న కొళాయిని బిగించి వచ్చాను. నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. ఎవరేం చెప్పినా రుజువేదని అడుగుతాను. మా అమ్మ దీనికే నన్ను తిడుతుంది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, కింద రాసింది ఒక పిరికిదాని భ్రమ అనుకోకండి.

లైబ్రరీ సైన్స్ చదువు అయిపోయాక రెండు నెలలు ఎక్కడైనా పని నేర్చుకోవాలి. నాకు నంద్యాలలో ఒక ప్రభుత్వ గ్రంథాలయంలో పిల్లల విభాగం ఇచ్చారు. నేను అడిగింది పత్రికల విభాగం. పిల్లల విభాగం అనగానే ఒళ్ళు మండింది, కానీ ఏం చేస్తాం? రోజూ పొద్దున ఆళ్ళగడ్డలో బస్సెక్కడం, శిరివెళ్ళ దాటేదాకా కునికిపాట్లు పడటం, సాయంత్రం మళ్ళీ అదే దారిన తిరిగి రావడం.

ఎండాకాలం సెలవులు. నంద్యాల ఎండ సంగతి తెలిసినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. చదువుకోవడానికి వచ్చే పిల్లలు సగం, చల్లగా ఉంటుందని వచ్చేవాళ్ళు సగం. ఒక పెద్ద గది, నేల మీద ఈత చాపలు, నా నడుము దాకా వచ్చే చిన్న బీరువాలు. కిటికీ అద్దాలకు ఎప్పుడో ఆకుపచ్చ రంగు వేశారు. మధ్యాహ్నం రెండు దాటిందంటే గది మొత్తం పాచి నీళ్ళలో మునిగినట్టు పచ్చగా అయిపోయేది. కూలర్‌లోంచి తడిసిన వట్టివేళ్ళ వాసన. పిల్లలు బొమ్మల పుస్తకాలు మొహాల మీద కప్పుకుని అలాగే నిద్రపోయేవాళ్ళు. నాకూ కళ్ళు మూతలు పడేవి. మెలకువకూ నిద్రకూ మధ్య ఎవరో పేజీ తిప్పిన చప్పుడు వినిపించేది. ఆ చప్పుడు ఎంత హాయిగా ఉండేదో! పిల్లల విభాగం ఇచ్చారన్న కోపం నాకు తెలియకుండానే పోయింది.

నాలుగున్నరకు కథ చెప్పే వేళ. మా సారు, పేరు బాషా, మొదటిరోజే ఆ పని నా నెత్తిన పెట్టి తప్పుకున్నాడు. "నాకు గొంతు పోతాంది మ్మా, నువ్వు చెప్పు. పిల్లోల్లు నీ మాటే వింటాండారు" అన్నాడు. ఎవరూ ఇంకా నా మాట వినలేదప్పటికి!

ఆ ఏడాదే కొత్త పుస్తకాల కట్ట వచ్చింది. కట్ట విప్పింది, ముద్ర వేసింది, నంబరు చీటీలు అతికించింది నేనే. అందులో ఒక ఎలుగుబంటి కథ ఉంది, రెండు ప్రతులు. నక్క పెళ్ళికి పోవాలి, వేసుకోవడానికి చొక్కా లేదు. కోతి ఇంటికి పోతే చొక్కా పొట్టిది. పొట్టేలు ఇంటికి పోతే ఉన్ని చొక్కా, వేసుకోగానే మూడుసార్లు తుమ్ముతుంది. ఏనుగు చొక్కాలో ఎలుగుబంటి కనిపించకుండా పోతుంది. కొంగ చొక్కాలో తల పట్టదు. చివరికి ఉత్త ఒంటితో పోయి చూస్తే పెళ్ళికొడుక్కీ చొక్కా లేదు. పిల్లలకు ఈ కథంటే పిచ్చి. వారానికి మూడుసార్లు చెప్పించుకునేవాళ్ళు.

పొట్టేలు ఇల్లు కొంచెం పొడుగు. బస్సుకు టైమవుతుంటే దాన్ని దాటేసేదాన్ని. కోతి ఇంటి నుంచి నేరుగా ఏనుగు ఇంటికి పోయేదాన్ని. పిల్లలు ఎప్పుడూ పట్టుకోలేదు, ఒక్కరు తప్ప.

"ఊఁహూఁ."

గది చివర, మూల చాప మీది నుంచి వచ్చేది ఆ మాట. గొంతులోనే, ముక్కుతో కలిపి, చాలా గట్టిగా ఒప్పుకోనట్టు. మొదటిసారి ఎవరో ఆటపట్టిస్తున్నారనుకున్నాను. "ఎవరే అది?" అని గద్దించాను. ఎవరూ పలకలేదు. మూలన ఒక పిల్ల నా వైపు వీపు పెట్టి, బీరువాకేసి తిరిగి కూర్చుని ఉంది. పసుపు గౌను, రెండు జడలు. సరేలే అని పొట్టేలు ఇంటికి వెనక్కి పోయి చెప్పాను. ఇంకేం అనలేదు.

అలా మూడు నాలుగుసార్లయింది. ఆ పిల్ల ఎప్పుడూ అక్కడే, అలాగే వీపు పెట్టి. మొహం నేనెప్పుడూ చూడలేదు. వచ్చేటప్పుడూ చూడలేదు, పోయేటప్పుడూ చూడలేదు. నలభైమంది పిల్లలు వచ్చిపోతుంటే ఎవర్నని చూస్తాం? ఒకరోజు ముందు చాప మీది పిల్లను "ఆ పసుపు గౌను పిల్ల పేరేంటే?" అని అడిగితే అది వెనక్కి తిరిగి చూసి, "యా పిల్ల అక్కా? ఆడ ఎవరూ కూచోరు. ఆడికి గాలి రాదు" అంది. నేను తలెత్తేసరికి మూల ఖాళీ. లేచి పోయి ఉంటుందనుకున్నాను. నిజంగా అంతే అనుకున్నాను.

ఇప్పుడు మా పని పద్ధతి ఒకటి చెప్పాలి. లేకపోతే నేను చేసిన తప్పు అర్థం కాదు. పిల్లలు సభ్యులుగా చేరినప్పుడు ఒక్కొక్కరికి పేరు, చిరునామా రాసిన అట్ట టికెట్ చేస్తాం. అది చిన్న సంచిలా ఉంటుంది. ప్రతి పుస్తకం లోపల ఒక కార్డు ఉంటుంది. పుస్తకం ఇంటికి తీసుకుపోతే ఆ కార్డు తీసి పిల్లల టికెట్‌లో దోపి, ట్రేలో పెడతాం. ఏ పుస్తకం ఎవరి దగ్గరుందో చెప్పడానికి మాకున్న సాక్ష్యం అదొక్కటే. పిల్లలు టికెట్లు ఇంట్లో పోగొడతారని, వాడని టికెట్లు కూడా మా సొరుగులోనే వరసగా ఉంచుతాం. తొందరలో పక్క టికెట్ లాగి అందులో కార్డు దోపామా, ఒకరు తీసుకున్న పుస్తకానికి ఇంకొకర్ని పట్టుకుంటాం.

నా రెండు నెలలు అయిపోవడానికి వారం ఉందనగా సారు ట్రే తిరగేసి, "నువ్వు ఇచ్చిన పుస్తకాలు నువ్వే తెప్పిచ్చి పోవల్ల" అన్నాడు. అన్నీ వచ్చాయి, ఎలుగుబంటి రెండో ప్రతి తప్ప. దాని కార్డు ఆఫియా అనే పిల్ల టికెట్‌లో ఉంది. గడువు దాటి రెండు వారాలు. చిరునామా బస్టాండుకు పోయే దారిలోనే ఒక సందు. సాయంత్రం అయిదుకు, అయిదున్నర బస్సు పట్టుకోవచ్చన్న లెక్కతో, ఆ ఇంటికి పోయి తలుపు కొట్టాను.

తలుపు తీసినామె పేరు షమీమ్. నాకన్నా అయిదారేళ్ళు పెద్దది, కడుపుతో ఉంది. లైబ్రరీ నుంచి వచ్చానని, ఆఫియా తీసుకున్న పుస్తకం ఇవ్వాలని కొంచెం దురుసుగానే చెప్పాను.

"ఆఫియా తీసుకుందా? ఎప్పుడు మ్మా?"

"పోయిన నెలలో."

ఆమె పక్కకు జరిగింది. లోపల కిటికీ పక్కన మంచం మీద తొమ్మిదేళ్ళ పిల్ల పడుకుని ఉంది. జుట్టు పొట్టిగా కత్తిరించారు. కాళ్ళు కట్టెపుల్లల్లా ఉన్నాయి. కళ్ళు తెరిచే ఉన్నాయి కానీ దేన్నీ చూడటం లేదు. ఒకటో తరగతిలో లైబ్రరీలో చేరిందట, రెండుసార్లు పుస్తకాలు తెచ్చుకుందట. తర్వాత మెదడుకు జ్వరం వచ్చింది. ఆ మంచం మీద పడి మూడేళ్ళు. మాట లేదు, నడక లేదు. ఆకలేస్తే, నొప్పేస్తే ఒక మూలుగు, అంతే.

తల కొట్టేసినట్టయింది నాకు. పక్క టికెట్ లాగానని అప్పుడే తెలిసిపోయింది. క్షమించమని చెప్పి పోవాల్సింది. కానీ లోపలి గదిలో ఆమె భర్త రసూల్ ఒక సంచిలో చిన్న చిన్న బట్టలు మడిచి పెడుతున్నాడు. కూలర్లు బాగుచేస్తాడట, చేతులకు ఇంకా గ్రీజు ఉంది. నేను చూస్తుంటే తనే చెప్పాడు.

"రేపు పొద్దున బండి వస్తాది మేడం. కర్నూలు అవతల ఇట్లాంటి పిల్లోల్లకు ఒక ఆశ్రమం ఉండాది. ఈమె ఇప్పుడు బిడ్డను ఎత్తలేదు, దించలేదు. నేను పగలంతా ఇంట్లో ఉండను. ఇంకేం చేయల్ల?"

"బిడ్డకు అన్నీ తెలుస్తాండాయి" అంది షమీమ్.

"ఏం తెలుస్తాండాయి? డాక్టరు ఏం చెప్పినాడు? మూడేండ్ల నుంచి గోడకు చెప్పుకున్నట్టు చెప్పుకుంటాండావు."

ఆయన కసురుకోలేదు. అలసిపోయినవాడి గొంతది. ఆమె కళ్ళు తుడుచుకుని నా చెయ్యి పట్టుకుంది. "లైబ్రరీ అంటే దానికి ప్రాణం మ్మా. పోయేముందు ఒక్క కథ చెప్పి పో. నీకు పుణ్యముంటాది" అంది.

కాదని ఎలా అంటాను? మంచం అంచున కూర్చున్నాను. నాకు నోటికి వచ్చింది ఎలుగుబంటి కథే. చెబుతున్నానే గానీ మనసంతా బస్సు మీదుంది. ఎప్పట్లాగే కోతి ఇంటి నుంచి నేరుగా ఏనుగు ఇంటికి పోయాను.

"ఊఁహూఁ."

అదే గొంతు, అదే ఒప్పుకోకపోవడం. నేను రాయిలా కూర్చుండిపోయాను. షమీమ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. రసూల్ చేతిలో మడిచిన గౌనుతో అలాగే గుమ్మంలోకి వచ్చాడు.

నాకు రుజువు కావాలి కదా! మింగుడు పడక, మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. ఈసారి పొట్టేలును చెప్పాను, మూడు తుమ్ములూ తుమ్మాను. ఏ చప్పుడూ లేదు. ఏనుగును చెప్పాను. కావాలనే కొంగను వదిలేసి పెళ్ళిపందిట్లోకి పోయాను.

"ఊఁహూఁ."

వెనక్కి పోయి కొంగ ఇల్లు చెప్పాను, ఊరుకుంది. రసూల్ మంచం దగ్గర నేల మీద కూలబడ్డాడు. ఆయనకు ఆ కథ తెలియదు. అయినా బిడ్డ మొహంలోకి వంగి, "కొంగ తర్వాత ఒంటె ఇంటికి పోయిందా నాన్నా?" అన్నాడు.

"ఊఁహూఁ."

"గుర్రం ఇంటికి?"

"ఊఁహూఁ."

"మరి బర్రె ఇంటికి పోయింటాది."

"ఊఁహూఁ!"

ఈసారి విసుగ్గా అంది. ఆయన ఏడుస్తూనే తనకు తెలిసిన జంతువులన్నిటి పేర్లూ చెప్పాడు. గాడిద, మేక, కుందేలు, ఉడుత. అన్నిటికీ కాదంది. చివరికి "నక్క పెళ్ళికి పోయిందా?" అంటే ఊరుకుంది. ఆ పిల్ల కళ్ళు మెల్లగా తిరిగి ఆయన మీద నిలిచాయి. ఆయన ఆ సంచి అందుకుని, ఒక్కొక్క గౌనూ తీసి పక్కన పెట్టాడు. పొద్దున బండి రావద్దని మా ముందే ఫోన్ చేశాడు.

అయిదున్నర బస్సు పోయింది. ఏడు గంటల బస్సెక్కాను. నాయన ఫోన్ చేసి "యాడుండావ్? ఇంకా రాలేదేందీ?" అంటే బస్సు తప్పిపోయిందని మాత్రం చెప్పాను.

మర్నాడు ఎలుగుబంటి పుస్తకం దానంతటదే వచ్చింది. బొమ్మలసత్రం నుంచి వచ్చే ఒక పిల్ల, మంచం కింద పడేసి మర్చిపోయానంటూ తెచ్చిచ్చింది. ఆ పిల్ల టికెట్ సొరుగులో ఆఫియా టికెట్ పక్కదే. అంటే టికెట్ సంగతి పూర్తిగా నా తప్పు, అందులో వింతేమీ లేదు. ఈ పుస్తకం ఎవరికైనా చదివి వినిపించావా, ఫలానా సందులో ఎవరైనా తెలుసా అని గుచ్చి గుచ్చి అడిగాను. ఈ అక్కకు ఎండదెబ్బ తగిలిందన్నట్టు చూసింది.

తర్వాత నాకు తోచిన దారులన్నీ వెతికాను. ఆఫియా మంచాన పడ్డాక మూడేళ్ళకు వచ్చిన పుస్తకం అది, కట్ట విప్పిందే నేను. బయటివాళ్ళ ముందు తప్ప వాళ్ళింట్లో మాట్లాడుకునేది ఉర్దూ. కథలు చెప్పేవాళ్ళెవరూ ఆ ఇంటికి రారు. లైబ్రరీలో పిల్లలు లోపలికి రాగానే పేరు రాసే పుస్తకం ఉంటుంది. రెండు నెలల పేర్లూ వేలు పెట్టి చదివాను, ఆఫియా లేదు. ముందు చాప పిల్లలందర్నీ విడివిడిగా అడిగాను. మూల నుంచి ఆ మాట విన్నామని ముగ్గురు చెప్పారు. పసుపు గౌను పిల్లను చూశామని ఒక్కరూ చెప్పలేదు. మిగిలిన ఆ కొద్దిరోజులూ కథ చెబుతూ పొట్టేలును దాటేసి చెవులు రిక్కించి కూర్చున్నాను. మూల నుంచి ఏమీ రాలేదు. మధ్యాహ్నాలు అలాగే పచ్చగా, మత్తుగా ఉండేవి. ఆ పేజీ తిప్పే చప్పుడు మాత్రం లేదు.

నా చివరిరోజు సాయంత్రం వాళ్ళింటికి మళ్ళీ పోయాను. రసూల్ పనికి పోయాడు. షమీమ్ చెల్లెలు చాగలమర్రి నుంచి సాయానికి వచ్చిందట, వంటింట్లో చాయ్ పెడుతోంది. ఆఫియా ఇప్పుడు కాదనడానికి ఊఁహూఁ, అవుననడానికి ఊఁ అంటోందట. నంద్యాలలోనే వేరే డాక్టరుకు చూపిస్తున్నారట. రసూల్ పని నుంచి రాగానే కావాలని కథ తప్పు చెబుతాడట, ఆ పిల్ల కసురుతుందట. ఇవన్నీ చెబుతూ షమీమ్ మొహం వెలిగిపోతోంది.

దాచడం నాకు చేతకాదు. లైబ్రరీలో నేను చూసిందీ విన్నదీ, వీపూ జడలూ పసుపు గౌనూ, అన్నీ చెప్పేశాను. భయపడుతుందేమో, తిడుతుందేమో అనుకున్నాను.

"పసుపు గౌను మా బిడ్డకు ఎప్పుడూ లేదు మ్మా" అంది.

చెప్పొద్దూ, నాకు కొంచెం ఊపిరి వచ్చింది. అయితే అది వేరే ఎవరో పిల్ల అయి ఉంటుందని అనబోయాను. ఆమె మంచం వైపు చూసింది. ఆఫియా నిద్రపోతోంది. దుప్పటి కింద ఆ కాళ్ళు ఉన్నాయో లేవో అన్నట్టున్నాయి. షమీమ్ గొంతు తగ్గించి ఒకే ఒక్క మాట అడిగింది.

"ఆడ నడుస్తాండెనా నా బిడ్డ?"

నేను చూసింది కూర్చున్న వీపును. లేవడం చూడలేదు, నడవడం చూడలేదు. అది ఆఫియా అని చెప్పడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు, కాదని చెప్పడానికీ లేదు. ఇదంతా ఎలా జరిగిందో అప్పుడూ తెలియదు, ఇది రాస్తున్న ఈ రోజుకీ తెలియదు. జీవితమంతా అందర్నీ రుజువు అడిగినదాన్ని, ఆమె కళ్ళలోకి చూసి చెప్పాను.

"నడవడమేంది అక్కా? చాపల మీద పరిగెత్తుతాండె. పట్టుకోలేక సచ్చినాం."